పటాలం నుంచి తిరిగొచ్చినవారి లెక్క

సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన ఆ డిశ్చార్జ్ బుక్కు మూడు పాలిథిన్ కవర్ల లోపల ఉంది. పైది కిరాణా కొట్టులో ఇచ్చిన కవరు, దాని లోపలిది మందుల షాపుది, అన్నిటికంటే లోపలిది ఎప్పటిదో చెప్పలేనంతగా పసుపుబారిపోయింది. మాకు దూరపు బంధువైన, ఎనభైకి చేరువైన ఒక పెద్దాయన ఆ కవర్లను ఒళ్ళో పెట్టుకుని, కొన్నేళ్ళ కిందట ఒక స్వాతంత్ర్య దినోత్సవం నాడు, షామియానా కింద మూడో వరస కుర్చీలో కూర్చున్నారు. వేదిక మీదికి నలుగురు మాజీ సైనికులను పిలిచి శాలువాలు కప్పారు. ఆయన పేరు పిలవలేదు. 1971 డిసెంబరులో తూర్పు సరిహద్దులో ఉన్న మనిషి ఆయన. శాలువాలు అందుకున్న నలుగురూ ఆ గౌరవానికి పూర్తిగా అర్హులే. జాబితా తయారుచేసినవారు కూడా కావాలని ఆయన పేరు తీసేయలేదు. వారి చేతికి వచ్చింది పింఛనుదారుల జాబితా. ఆయనకు పింఛను లేదు కాబట్టి ఆ కాగితంలో ఆయన లేరు.

ఒక ప్రాంతంలో బతికి ఉన్న యుద్ధ సైనికులను గౌరవించడమంటే సత్కార సభ జరపడమనే అందరం అనుకుంటాం. సభ జరగవలసిందే; నలుగురిలో తన పేరు గట్టిగా వినిపించినప్పుడు ఆ వయసులో మనిషి ముఖంలో వచ్చే వెలుగు చిన్నదేమీ కాదు. అయితే సభకు ముందు జరగవలసిన పని ఒకటుంది. యుద్ధంలో పాల్గొని తిరిగొచ్చి, ఇవాళ్టికీ మన మధ్య ఉన్నవారు ఎవరెవరో తెలుసుకోవడం ఆ పని. వినడానికి తేలికగా ఉన్నా ఇది చాలా చిక్కుముడి వ్యవహారం, ఎందుకంటే మాజీ సైనికుడంటే ఎవరు, యుద్ధమంటే ఏది, పేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలకు మన వ్యవస్థలో మూడు వేర్వేరు చోట్ల జవాబులు ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి కలవవు.

ఊరికి మాత్రం ఈ ఇబ్బంది ఉండదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి తరం తర్వాత తరం సైన్యంలో చేరుతూ వచ్చిన ఊరు అది. ఇంటికి ఒక్కరైనా సైనికుడు ఉంటాడని దానికి పేరు. అలాంటి చోట ఎవరి తాత బర్మా వెళ్ళాడో, ఎవరి నాన్న అరవై ఐదులో పశ్చిమాన ఉన్నాడో పిల్లలక్కూడా తెలుస్తుంది. సైనికులు ఒకరో ఇద్దరో ఉన్న మామూలు ఊళ్ళలో కూడా, పటాలంలో చేరి వచ్చిన మనిషి పేరుకు ముందు ‘మిలిటరీ’ అన్న మాట చేరిపోయి, చివరికి అదే ఇంటిపేరులా నిలిచిపోతుంది. ఊరి జ్ఞాపకానికి పింఛను పత్రం అక్కర్లేదు. ప్రభుత్వ జ్ఞాపకం కాగితం మీద నడుస్తుంది, ఆ కాగితం ఎలా పుట్టిందో తెలిస్తేనే పేర్లు ఎక్కడ జారిపోతున్నాయో అర్థమవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిషు ప్రభుత్వం, సైనికులను పంపిన పలు గ్రామాల్లో రాతి పలకలు పెట్టించింది. ‘ఈ గ్రామం నుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలు వదిలారు’ అన్నది వాటి మీద ఉండే మాట. రెండు అంకెలు తప్ప ఒక్క పేరు కూడా ఉండదు. తిరిగొచ్చినవాడు ఆ మొదటి అంకెలో కలిసిపోయి, తన పేరు లేని పలక పక్కనుంచే జీవితాంతం నడిచాడు. ఆ రోజుల్లోనే, 1919లో, తిరిగొచ్చిన సైనికుల బాగోగులు చూడడానికి ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. పేరు మారుతూ వచ్చి 1975 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు అయినది అదే. దాని కింద రాష్ట్ర సైనిక బోర్డులు, వాటి కింద జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పనిచేస్తున్నాయి. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పిల్లల చదువుకు సహాయం, ఉద్యోగాల్లో రిజర్వేషను ధ్రువపత్రం లాంటివన్నీ ఈ జిల్లా కార్యాలయం నుంచే నడుస్తాయి. కానీ ఒక మనిషి ఆ కార్యాలయం గడప ఎక్కి నమోదు చేయించుకుంటేనే ఆ పుస్తకంలో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వైపు వెళ్ళని మనిషిని వెతుక్కుంటూ ఆ పుస్తకం రాదు.

నమోదుకు అర్హత ఏమిటన్నది తర్వాతి ముడి. సైన్యంలో పనిచేసిన ప్రతివాడూ చట్టం దృష్టిలో మాజీ సైనికుడు కాడు. నిర్వచనం విడుదలైన తేదీని బట్టి మారుతుంది. పాత కాలంలో విడుదలైనవారికి సడలింపు ఎక్కువ; 1987 జూలై 1 తర్వాత విడుదలైనవారి విషయంలో స్థూలంగా పింఛనుతో వచ్చినవారు, వైద్య కారణాలతో పంపబడినవారు, నిర్ణీత ఒప్పంద కాలం పూర్తిచేసి గ్రాట్యుటీతో వచ్చినవారు, బలగాల తగ్గింపు వల్ల బయటికి వచ్చినవారు ఆ పరిధిలోకి వస్తారు. అందువల్ల ఒకే ఊళ్ళో, ఇంచుమించు ఒకే కాలం సేవ చేసిన ఇద్దరిలో ఒకరు మాజీ సైనికుడై, మరొకరు కాకుండా పోవచ్చు.

పింఛను సంగతి ఇంకా కఠినం. జవాను స్థాయిలో పింఛను రావాలంటే సాధారణంగా పదిహేనేళ్ళ సేవ కావాలి, అధికారికి ఇరవై ఏళ్ళు. అరవైల్లో, డెబ్బైల తొలినాళ్ళలో చేరిన జవాన్లలో చాలామంది ఒప్పందం పటాలంలో పదిహేనేళ్ళు ఉండడానికి కాదు. కొన్నేళ్ళు కలర్ సర్వీసు, అంటే పటాలంలో ప్రత్యక్ష సేవ, మిగతా కాలం ఇంటి దగ్గర ఉంటూ పిలిస్తే వెళ్ళవలసిన రిజర్వ్ సర్వీసు. రెండూ కలిపి పదిహేనేళ్ళు నిండినవారికి రిజర్విస్టు పింఛను ఉంది. కానీ తండ్రి పోయాడనో, పొలం చూసేవారు లేరనో, చెల్లెలి పెళ్ళి మీద పడిందనో మధ్యలో సొంత కోరికపై విడుదలై వచ్చినవారికి అదీ లేదు. 1962 చైనా యుద్ధం తర్వాత హడావిడిగా తీసుకున్న అత్యవసర కమిషన్ అధికారుల్లో కూడా చాలామంది కొన్నేళ్ళకే, పింఛను లేకుండానే విడుదలయ్యారు. యుద్ధానికి కావలసింది ఆ రోజు సరిహద్దులో ఉన్న మనిషి, పింఛనుకు కావలసింది నిండిన ఏళ్ళు. ఈ రెండూ వేర్వేరు కొలతలు. పింఛను జాబితా పట్టుకుని యుద్ధ సైనికులను పిలిస్తే, యుద్ధాన్ని రెండో కొలతతో కొలిచినట్టే అవుతుంది.

ఈ చిక్కుకు అన్నిటికంటే పాత ఉదాహరణ రెండో ప్రపంచ యుద్ధ సైనికులది. ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, మలయా, బర్మా రంగాల్లో పోరాడిన ఆ సైన్యంలో మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాలవారూ ఉన్నారు. హైదరాబాదు సంస్థానపు దళాలు 1941 డిసెంబరులో జపాను దాడి మొదలైనప్పుడు మలయాలో ఉన్నాయి. యుద్ధం కోసం చేర్చుకున్నవారిలో అత్యధికులను యుద్ధం కాగానే పంపేశారు, వారికి పింఛను లేదు. 1945లో పద్ధెనిమిదేళ్ళున్న కుర్రవాడు 1927లో పుట్టినవాడు. అంటే ఆ తరంలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వారు నూరేళ్ళ అంచున ఉన్నవారు. వారిని గౌరవించే విషయంలో వచ్చే ఏడాదికి వాయిదా అన్న మాటకు అర్థం లేదు.

పింఛను లేని వృద్ధ మాజీ సైనికుల కోసం కేంద్రం ఒక సహాయం పెట్టింది. రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి, 65 ఏళ్ళు దాటి పింఛను లేని, హవల్దారు స్థాయి వరకూ ఉన్న పేద మాజీ సైనికులకు లేదా వారి వితంతువులకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఇస్తూ వచ్చి, 2025 నవంబరు నుంచి దాన్ని 8,000 చేశారు. ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు మనం పిన్నుతో గుచ్చుకునే చిన్న కాగితపు జెండాకు ఇచ్చే డబ్బు చేరేది ఈ నిధికి మూలమైన పతాక దిన నిధికే. ఆ జెండా కొనిపించే బళ్ళలో, ఆఫీసుల్లో ఈ మాట ఒక్క నిమిషం చెబితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇక వైద్యం సంగతి చూస్తే, 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం ప్రధానంగా పింఛనుదారుల కోసం పుట్టింది. 2019 మార్చిలో కేంద్రం దాన్ని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, అత్యవసర కమిషన్, షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులకు, ముందుగా వైదొలగిన కొందరికి కూడా తెరిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన డెబ్బై నాలుగేళ్ళకు ఆ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది.

ఇక్కడే ఒక పక్క మాట చెప్పుకోవాలి. అదే యుద్ధంలో మలయాలో, సింగపూరులో బందీలై, తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరిన సైనికులు మరో పుస్తకంలో ఉన్నారు. వారిని దేశం స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించింది, వారికి వచ్చే పింఛను హోం శాఖ చూసే స్వతంత్రతా సైనిక సమ్మాన్ పథకం కింద వస్తుంది. ఒకే పడవెక్కి వెళ్ళిన ఇద్దరు స్నేహితులలో ఒకరి పేరు రక్షణ శాఖ దగ్గర, ఇంకొకరి పేరు హోం శాఖ దగ్గర ఉండడం అలా జరిగింది. జిల్లాలో సన్మాన జాబితా రాసే గుమాస్తా ఒక్క శాఖనే అడిగితే రెండో స్నేహితుడు సహజంగానే తప్పిపోతాడు.

యుద్ధం అంటే ఏది అన్న ప్రశ్న కూడా అనుకున్నంత సులువు కాదు. 1947–48 కశ్మీరు, 1962, 1965, 1971, 1999 కార్గిల్ అందరికీ తెలిసినవి. శ్రీలంకలో 1987 నుంచి 1990 వరకు శాంతి పరిరక్షక దళంగా వెళ్ళి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సైన్యం చేసింది కాగితాల మీద ‘ఆపరేషన్ పవన్’. సియాచిన్ మంచులో 1984 నుంచి జరుగుతున్నది ‘ఆపరేషన్ మేఘదూత్’. పేరులో యుద్ధం లేనంత మాత్రాన తూటా తగిలినవాడి గాయం తేలిక కాదు. జాఫ్నా నుంచి కుంటుతూ తిరిగొచ్చిన మనిషి యుద్ధ సైనికుడా కాదా అని సన్మాన సంఘాలు తటపటాయించిన సందర్భాలు విన్నాను. గాయపడ్డవారి పింఛను విషయంలో ప్రభుత్వం చూసేది గాయం ఏ పరిస్థితిలో తగిలిందన్నది. అందుకే యుద్ధ గాయం పింఛను, మామూలు వైకల్య పింఛను అని రెండు రకాలున్నాయి. గౌరవించే విషయంలో కూడా అదే గీటురాయి వాడితే చాలు: శత్రువు కాల్పుల ఎదుట నిలబడ్డాడా లేదా అన్నది.

ఆ మనిషి అక్కడ ఉన్నాడనడానికి రుజువు ఏమిటంటే, ఆయన పతకాలు. శౌర్య పతకం వేరు, యుద్ధరంగ పతకం వేరు. ఈ తేడా చాలామందికి తెలియదు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఒక ప్రత్యేక సాహసానికి ఇచ్చేవి. యుద్ధరంగ పతకం, ఫలానా యుద్ధంలో ఫలానా రంగంలో ఉన్న ప్రతి అర్హుడికీ వచ్చేది. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, 1971లో తూర్పు రంగానికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగానికి పశ్చిమీ స్టార్, వీటితో పాటు సంగ్రామ్ మెడల్, కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్ అలా వచ్చినవే. సన్మాన సభలో ఎవరిని పిలవాలో తేల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు, ఎందుకంటే పింఛనుకు సేవాకాలం ప్రమాణమైతే పతకానికి యుద్ధమే ప్రమాణం. విడుదలైన సిపాయి చేతికి ఇవి అందకపోవడం మాత్రం మామూలే. యుద్ధం ముగిశాక పతకాలు తయారై, పటాలాలకు చేరి, పంచడానికి ఏళ్ళు పట్టేది. ఆ లోపు ఇంటికి వెళ్ళిపోయినవాడికి పతకం రాదు, రిబ్బను ముక్క మాత్రం మిగులుతుంది. డిశ్చార్జ్ బుక్కులో పతకాల పేజీ ఖాళీగా ఉన్నవారిలో ఎందరో నిజానికి అర్హులే.

ఆ పతకం కోసం రాయవలసింది జిల్లాకు కాదు, రాష్ట్రానికి కూడా కాదు. సైనికుడి జీవితమంతా ఉండేది ఆయన రెజిమెంటు రికార్డ్ ఆఫీసులో. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, సైనిక ఇంజనీర్లైన మద్రాస్ సాపర్లది బెంగళూరులో, ఆర్టిలరీది నాసిక్ రోడ్‌లో, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు చూసే ఇంజనీర్ల దళం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి) కోర్‌లవి మనకు దగ్గరగా సికింద్రాబాదులో ఉన్నాయి. అంటే ఒకే మండలంలోని నలుగురు సైనికుల చరిత్ర నాలుగు నగరాల్లో, ఇనప బీరువాల్లో ఉంటుంది. జిల్లా కార్యాలయం వాళ్ళకు ఆ ఉత్తరాలు రాసిపెట్టగలదు, రాసిపెట్టినచోట పనులు జరిగాయి కూడా.

ఉత్తరం రాసేటప్పుడు తగిలే రాయి పేరు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. భర్తీ రోజున ఎవరో గుమాస్తా తనకు వినబడ్డట్టు, తన అలవాటు ప్రకారం దాన్ని తిప్పి రాసుకున్నాడు. సత్యనారాయణ ఒకచోట నారాయణ అయ్యాడు, ఇంకొకచోట ఎస్. నారాయణ్ అయ్యాడు. పుట్టిన తేదీ తెలియనివారికి ఏదో ఒక తేదీ వేశారు. ఆధార్‌లో ఒక పేరు, డిశ్చార్జ్ బుక్కులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో మూడో పేరు. భార్య పేరు సంగతి ఇంకా సున్నితం. సైనికుడి పెళ్ళి, పిల్లల పుట్టుక రికార్డులోకి ఎక్కేది ‘పార్ట్ టూ ఆర్డర్’ ద్వారా. సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళిన కుర్రవాడు దాన్ని నమోదు చేయించడం మరిచిపోతే, యాభై ఏళ్ళ తర్వాత ఆయన కన్నుమూసిన రోజున, ఆమె తాను ఆయన భార్యనని నిరూపించుకోవలసి వస్తుంది. భర్త యుద్ధంలో ఉన్నంతకాలం రేడియో పక్కన కూర్చుని బతికిన మనిషిని ఆ మాట అడగవలసి రావడం ఎంత బాధాకరమో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన ఉండగానే ఆ ఒక్క నమోదు సరిచేయించడం, నా దృష్టిలో, ఏ శాలువాకూ తీసిపోని సత్కారం.

పింఛను ఉన్నవారికి ఏటా నవంబరులో బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వవలసిన పని ఉంటుంది. పింఛన్ల పంపిణీ ఇప్పుడు ప్రయాగ్‌రాజ్ కేంద్రంగా స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారింది. వేలిముద్రతో ధ్రువీకరించే సౌకర్యం 2014 నుంచి ఉన్నా, పొలం పనుల్లో, యంత్రాల మధ్య గీతలు అరిగిపోయిన వేళ్ళు ఆ చిన్న గాజు పలక మీద నిలవవు. వేలు తుడిచి, ఊది, మళ్ళీ పెట్టి, మరో వేలు పెట్టి, చివరికి రేపు రమ్మనిపించుకుని వెనుదిరిగే వృద్ధులను ఎవరైనా చూసే ఉంటారు. ముఖాన్ని చూసి గుర్తించే పద్ధతి తర్వాత వచ్చి కొంత మేలు చేసింది, అయితే దానికి ఇంట్లో ఫోను వాడడం తెలిసిన కుర్రవాడు ఒకడుండాలి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న ఇళ్ళలో ఆ కుర్రవాడు ఉండడు.

గౌరవ దినాల సంగతికి వస్తే, అవి మనకు తక్కువేమీ లేవు. డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం విశాఖపట్నంలో జరిగినట్టు తెలుగునేల మీద మరెక్కడా జరగదు, దానికి కారణం చరిత్రలోనే ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఆ తీరానికి సమీపంలోనే. బీచ్ రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర ఆ రోజు పూలమాలలు ఉంచుతారు. డిసెంబరు 16 విజయ దినం, జూలై 26 కార్గిల్ దినం సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్ దగ్గరి వీరుల సైనిక స్మారకం వద్ద జరుగుతాయి. బతికి ఉన్న మాజీ సైనికులకే ప్రత్యేకించిన రోజు జనవరి 14. మొదటి భారతీయ సర్వసేనాని కరియప్ప 1953లో ఆ తేదీన పదవీ విరమణ చేశారు కాబట్టి 2016 నుంచి దాన్ని మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. తెలుగువాళ్ళకు మాత్రం ఆ తేదీ భోగిగానో సంక్రాంతిగానో వస్తుంది. కంటోన్మెంటులో కార్యక్రమం జరుగుతుంది గానీ, ఊళ్ళో ముగ్గులు, పిండివంటలు, వచ్చిన చుట్టాల మధ్య ఆ రోజు ఇంకో పేరు కూడా ఉందన్న సంగతి ఎవరికీ తోచదు. నాకైతే దీన్ని లోపంగా కాక అవకాశంగా చూడాలనిపిస్తుంది. ఊరి పిల్లలందరూ ఊళ్ళో ఉండే రోజు ఏడాదికి అదొక్కటే. భోగిమంట దగ్గర మొదటి కట్టె మిలిటరీ తాత చేత వేయిస్తే అంతకంటే అచ్చమైన సన్మానం ఏముంటుంది?

1971 విజయానికి యాభయ్యో ఏడు మొదలైన సందర్భంగా 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర నాలుగు విజయజ్యోతులు వెలిగించి దేశం నాలుగు దిక్కులకూ పంపారు. పరమవీర చక్ర, మహావీర చక్ర గ్రహీతల ఊళ్ళకు ఆ జ్యోతులు వెళ్ళాలని, అక్కడి మట్టిని స్మారకానికి తేవాలని సంకల్పించారు. అలా 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చినప్పుడు, 1971 యుద్ధంలో గూర్ఖా పటాలాన్ని నడిపి మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ ఇంటికి ముఖ్యమంత్రి స్వయంగా వెళ్ళి గౌరవించారు. వయసు మీరిన సేనానిని సభకు రప్పించకుండా ప్రభుత్వమే ఆయన గడప దగ్గరికి వెళ్ళడం ఎంతో మర్యాదైన పని. ఆ పద్ధతి నచ్చినవాళ్ళకు సహజంగా కలిగే కోరిక ఒకటే: ఆ జ్యోతి పతకాల దారిలో వెళ్ళింది, అదే దారి పక్కన ఊళ్ళలో ఉన్న నాయక్, హవల్దారు ఇళ్ళకు కనీసం మండలం నుంచి ఒకరు వెళ్ళాలి. శౌర్య పతకాలకు కేంద్రం ఇచ్చే నెలసరి భత్యం 2017లో రెట్టింపై, పరమవీర చక్రకు 20,000, మహావీర చక్రకు 10,000, వీర చక్రకు 7,000 రూపాయలయింది. యుద్ధరంగ పతకానికి భత్యం లేదు, ఉండాలని ఎవరూ అడగడం లేదు. ఆ పతకం ఉన్నవాడి పేరు ఊరి జాబితాలో ఉండాలన్నదే ఇక్కడి విషయం.

2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకపు గ్రానైటు గోడల మీద అమరుల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. నూరేళ్ళ కిందటి అంకెల పలక నుంచి ఈ పేర్ల గోడకు రావడం పెద్ద మార్పే. తిరిగొచ్చినవారికి ఆ గోడ వర్తించదు, వర్తించకూడదు కూడా. వారి పేరు ఉండవలసిన చోటు వేరు.

డబ్బు విషయంలో దేశమంతా విన్న మాట ఒకే ర్యాంకుకు ఒకే పింఛను. 2015 నవంబరులో ఉత్తర్వు వచ్చి, 2014 జూలై 1 నుంచి అమలై, అయిదేళ్ళకోసారి సవరించే పద్ధతిలో నడుస్తున్న ఈ ఏర్పాటు పాత తరం పింఛనుదారులకు మేలు చేసింది. దాని లెక్కల మీద వివాదాలున్నాయి, వాటి జోలికి ఇక్కడ పోను. పింఛనే లేనివాడికి అది ఎలాగూ తగలదు.

తెలుగు రాష్ట్రాల్లో మాజీ సైనికుడిని ఎక్కువగా తిప్పించేది భూమి. సేవకు గుర్తింపుగా ప్రభుత్వం చాలామందికి ఎకరాల్లో భూమి కేటాయించింది. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. మాజీ సైనికులకిచ్చిన భూమిని మాత్రం పదేళ్ళ తర్వాత అమ్ముకునే వీలు కల్పిస్తూ 1993లో ఉత్తర్వు వచ్చింది. అంటే ఇది పరాయి దయతో అనుభవించే భూమి కాదు, గడువు నిండాక పూర్తి హక్కు వచ్చే భూమి. అయినా రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద తయారైన నిషేధిత జాబితాల్లో ఈ సర్వే నంబర్లు మిగతా ప్రభుత్వ భూములతో కలగలిసి చేరిపోవడంతో, అమ్ముకోవాలన్నా పిల్లలకు రాసివ్వాలన్నా ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కోసం మండలం నుంచి కలెక్టరేటు దాకా ఫైలు నడవవలసి వచ్చింది. ఏళ్ళ కిందటి పట్టా, అసైన్‌మెంట్ రిజిస్టరులో ఎంట్రీ, ఆయన ఆనాటికి మాజీ సైనికుడేనన్న ధ్రువీకరణ, ఇవన్నీ ఒకచోట కలిస్తేనే ఫైలు కదులుతుంది. మధ్యలో మనిషి పోతే మళ్ళీ మొదటికి వస్తుంది. దేశం ఇచ్చిన భూమే తనదని దేశానికి చెప్పుకోవలసి రావడం ఎనభై ఏళ్ళ మనిషికి ఎలా ఉంటుందో ఆ మెట్ల మీద కూర్చున్నవారిని చూస్తే తెలుస్తుంది.

ఇన్ని ముడులు ఉన్నా, ఒక జిల్లా తలచుకుంటే విప్పగలిగినవే వీటిలో ఎక్కువ. పింఛను జాబితాతో మొదలుపెట్టి అక్కడే ఆగకుండా, సైనిక సంక్షేమ కార్యాలయం నమోదు పుస్తకాన్ని, అసైన్డ్ భూముల రిజిస్టరులోని మాజీ సైనికుల పట్టాలను, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను జాబితాను పక్కపక్కన పెట్టాలి. ఆ తర్వాత గ్రామసభలో ఆ పేర్లు చదివి, తప్పిపోయినవారు ఎవరో ఊరినే అడగాలి. మిలిటరీ ఫలానా ఇంకా ఉన్నాడండీ అని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దొరికిన ప్రతి పేరుకూ డిశ్చార్జ్ బుక్కు నకలు తీసి, పతకాల పేజీ చూసి, ఖాళీగా ఉంటే రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం పంపాలి. అదే రోజు ఆయన చేత నాలుగు మాటలు తెలుగులోనే చెప్పించి ఫోనులో రికార్డు చేసుకోవాలి. ఎందుకంటే పటాలంలో హిందీ మాట్లాడి, కాగితం మీద ఇంగ్లీషులో సంతకం చేసిన ఈ మనుషుల యుద్ధం వారి సొంత భాషలో ఎక్కడా నమోదై లేదు. 1971లో ఇరవై ఏళ్ళవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి, 1962లో ఇరవై ఏళ్ళవాడికి ఎనభై దాటాయి. సభ చివర జరపవచ్చు, ఈ పనులు మొదట జరగాలి.

మొదట చెప్పిన పెద్దాయన కోసం వాళ్ళ మనవడు రికార్డ్ ఆఫీసుకు రాసిన మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండోదానికి పేరు సరిపోలడం లేదని వచ్చింది. మూడోసారి పేరు సంగతి వదిలేసి, ఆయన నోటినే అడిగి, ఆర్మీ నంబరు రాసి పంపాడు. మనవడి పుట్టినరోజు గుర్తుండని మనిషి ఆ నంబరును ఒక్క క్షణం ఆగకుండా, ఇంగ్లీషులో, వీపు నిటారుగా పెట్టి చెప్పారు. కొన్ని నెలలకు రిజిస్టర్డు పోస్టులో ఒక చిన్న అట్టపెట్టె వచ్చింది. పూర్వీ స్టార్ అందులో ఉంది. ఆయన ముందు వైపు చూడలేదు. వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకి జరిపి, అక్కడ చెక్కి ఉన్న అక్షరాలను గోటితో ఒక్కొక్కటే తడుముతూ చదివారు. నంబరు, ర్యాంకు, తర్వాత పేరు. పేరు గుమాస్తా ఆనాడు తిప్పి రాసినట్టే ఉంది. ‘అక్కడ నన్ను ఇట్లాగే పిలిచేవాళ్ళు’ అన్నారు.